జింకు గోళీ, జింకు పొగ

జూలై 12, 1999, సోమవారం

కాలి పుండు మానలేదు. సంగారెడ్డి ఆసుపత్రి. డాక్టరమ్మ జింకు గోళీలు రాసింది. షుగరున్న ఒంట్లో లోపల తుప్పులాంటిది ఎక్కువ పడుతుందట. గోళీ దాన్ని కొంత ఆపుతుందట, పుండుకూ మంచిదట. అందరికీ ఒకేలా పనిచేయదు, చూద్దాం అంది.

జింకు... మా అబ్బాయి యాదగిరి పనిచేసే షెడ్డులో ఇనుప పైపులు ముంచేది అందులోనే. తుప్పు పట్టకుండా. ఆ కరిగిన తొట్టి పొగ పీల్చిన నాడల్లా కొడుక్కి చలిజ్వరం. అదే జింకు నాకు మందు. అడగబోయి ఊరుకున్నాను. వెనక చాలామంది నిలబడి ఉన్నారు.

13, మంగళవారం

గోళీల డబ్బా తెరవలేదు.

15, గురువారం

యాదగిరి డ్యూటీకి పోతూ బెల్లం ముక్క నోట్లో వేసుకున్నాడు. తొట్టి దగ్గర నిలబడేవాళ్లందరూ అంతే. బెల్లం పొగను లాగేస్తుందని వాళ్ల నమ్మకం. లోడింగు వాళ్లు తినరు, వాళ్లకు పొగ లేదు.

సాయంత్రం మళ్లీ వణుకు. దుప్పటి మీద దుప్పటి. లోడింగుకు మార్చమని సూపర్‌వైజర్‌ను అడగరా అన్నాను.

"అడిగిన. సూస్తమన్నడు. నువ్వు పరేషాన్ గాకు" — గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

17, శనివారం

ఒక్కపొద్దు. పొద్దున్నే స్నానం, దీపం, ఆ మీద గోళీ. మందే కదా, ఎంగిలి కాదు అనుకున్నాను. కాసేపటికే వాంతి. చేతులు చల్లబడ్డాయి. కొడుకు రోగం నాకూ వచ్చిందనుకున్నాను. భయపడాలి. భయం కూడా రాలేదు... ఊరికే కూర్చున్నాను.

కోడలు సుజాత నేల తుడుస్తూ — "ఉత్త కడుపున ఏసుకుంటే కక్కరా అత్తమ్మా? దేవుడు అన్నం తినొద్దన్నడు గని, గోళీ మింగుమన్నడా?"

18, ఆదివారం

వేసుకోలేదు.

20, మంగళవారం

కట్టు మార్పించుకోవడానికి మళ్లీ సంగారెడ్డి. ఈసారి అడిగాను. డాక్టరమ్మ నవ్వలేదు. గోళీ కొలత ప్రకారం కడుపులోకి పోతుంది, అన్నం తిన్నాక వేసుకోవాలి, ఎక్కువైతే అదీ చెడే. పొగ నేరుగా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, జ్వరం దానివల్లే. అది మందు కాదు.

"మీ అబ్బాయికి గోళీ కాదమ్మా, ఆ పొగ తప్పాలి."

నా తుప్పుకు గోళీ ఉంది. వాడికి — బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. మా బీరంగూడ దాకా ఏం చూశానో గుర్తులేదు.

21, బుధవారం

అన్నం తిని గోళీ. వాంతి లేదు. పుండు పక్కన గిల్లి చూశాను. నొప్పి ఏమీ తెలియలేదు.

22, గురువారం

యాదగిరి డ్యూటీకి పోయాడు. గూట్లో బెల్లం ముక్క అలాగే ఉంది.

లోడింగుకు మార్చారేమో. లేక మరిచిపోయాడేమో. సుజాతను అడిగితే, "నాకు జెప్పి పోతడా అత్తమ్మా?" అంది.

చీమలు పట్టకుండా ముక్క మీద గిన్నె బోర్లించాను. అన్నం తిన్నాను. గోళీ వేసుకున్నాను. ముసురు కాస్త తెరిపిచ్చింది.

దుప్పట్లు రెండూ ఎండకేశాను.