నీళ్ళలో కంటుందట

ఫిబ్రవరి 9, ఆదివారం

శిరీష వచ్చింది. మా ఆయన చెల్లెలు. తొమ్మిదో నెల పడింది. కారు దిగి ముందు అమ్మను పట్టుకుంది, తర్వాత అన్నను. నా దగ్గరికి వచ్చేసరికి ఆగింది, పొట్ట అడ్డం. నేనే ఒక అడుగు వెనక్కి వేశాను.

మధ్యాహ్నం వంకాయ కూర. "వదినా, నీ చేతి వంకాయ తినక ఆర్నెల్లాయె" అంటూ రెండుసార్లు వేసుకుంది. వండేటప్పుడు ఉప్పు ఇంకో పిడికెడు వేయాలనిపించింది. వేయలేదు.

ఫిబ్రవరి 10

ఈ నోటుబుక్కు కూడా ఆమెదే. డిగ్రీ నాటిది. ముందంతా ఆమె ఇంగ్లీషు. వెనక కాగితాలు ఖాళీ. ఏడో తరగతి దాకా చదివిన దానికి వెనక కాగితాలు చాలు.

ఫిబ్రవరి 12, బుధవారం

దవాఖానకు పోదట. ఇంట్లోనే కంటుందట. అదీ నీళ్ళలో కంటుందట!

రబ్బరు తొట్టి ఉంటుందట. అందులో గోరువెచ్చని నీళ్ళు. పట్నంలో ఆమె దోస్తు అట్లాగే కన్నదట, నొప్పి సగం తెలియలేదట. ఫోనులో చూపించింది. ఎవరో తెల్లామె నీళ్ళలో కూర్చుని నవ్వుతోంది.

అత్త నోరు తెరిచింది. "చాపలు కంటయి బిడ్డా నీళ్ళల్ల. మనుషులు కంటరా?"

"తొలి కాన్పు అమ్మగారింట్ల అంటరు గద అమ్మా. అమ్మగారిల్లంటె ఇల్లు. దవాఖాన గాదు. నాకు కోతలు వద్దు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఎక్కడ కంటావు, ఎట్లా కంటావు... నన్ను ఎవరు అడిగారు? నేను ఎవరిని అడిగాను? అట్లా అడగవచ్చని కూడా తెలియదు.

ఫిబ్రవరి 14, శుక్రవారం

తొట్టి పార్శిలులో వచ్చింది. నీలం రంగు. మా ఆయన సైకిలు పంపు పెట్టి గంటసేపు గాలి కొట్టాడు. చెమటలు. మధ్యలో బుగ్గలు ఉబ్బించి నోటితో కూడా ఊదబోయాడు. ముందు గది సగం నిండింది.

"మన గొర్ల తొట్టి ఇంతకంటె పెద్దగుంటది" అన్నది అత్త.

"గొర్లు ఈన్తయా దాంట్ల? తాగుతయి, అంతే" అన్నాడు ఆయన.

చెల్లెలి కోసం ఇంత ఊపిరి ఉంది. నా రోజున ఎక్కడున్నాడు? గొర్రెలతో గుట్ట మీద. ఫోను ఎత్తలేదు. తప్పు అనను. గుట్ట మీద సిగ్నలు రాదు. తెలుసు. అయినా...

ఫిబ్రవరి 15

ఆమె కడుపులో బిడ్డకు వెక్కిళ్ళు. "వదినా చెయ్యి పెట్టి చూడు, చూడు!" అని పిలిచింది. చేతులకు పిండి ఉందన్నాను. పిండి లేదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

కాన్పు చేసే మేడం హైదరాబాదు నుండి వచ్చింది. నా కంటే చిన్నది. బీపీ చూసింది, పొట్ట మీద యంత్రం పెట్టి గుండె చప్పుడు వినిపించింది. గుర్రం ఉరికినట్టు. నేను దండెం మీది బట్టలు తీసే సాకుతో బయటికి వచ్చాను. బయటికి కూడా వినబడింది.

అందర్నీ కూర్చోబెట్టి చెప్పింది. నొప్పులు మొదలవగానే ఫోను చేయాలి, రెండున్నర గంటల్లో వస్తుంది. వచ్చేదాకా తొట్టిలోకి దిగకూడదు. తొట్టి నీళ్ళు అడుగు కనిపించేంత తేటగా ఉండాలి. ఇక ఉమ్మనీరు పోయినప్పుడు రంగు చూడాలి. "పసరు రంగు కనబడితే తొట్టి లేదు, ఇల్లు లేదు. సీదా దవాఖాన. నా కోసం ఆగొద్దు. బిడ్డ లోపలే దొడ్డికి పోయినట్టు లెక్క."

నా చేతిలో చాయ గ్లాసు. వేడి తెలియలేదు.

అత్త గోడ వైపు చూసింది. ఆయన నేల వైపు. రెండేళ్ళ కింద, పత్తి ఏరే రోజులు. ఇదే గదిలో నా కాళ్ళ మధ్య అదే రంగు. "అత్తా, గిదేంది గిట్లున్నది?" అన్నాను. "నీళ్ళే గద. నొప్పులు రానీ" అన్నది. పొద్దు గూకేదాకా రానిచ్చాం. ఆటోలో పోయాం. బిడ్డ ఏడవలేదు. ఆడపిల్ల. నిండా జుట్టు. ఈ రంగు కనబడంగనే రావాలె కదమ్మా అన్నది డాక్టరు.

మేడం ఒక్కొక్కరిని అడిగింది. ఇంట్లో అందరూ ఒప్పుకుంటేనే చేస్తుందట. అత్త సరే. ఆయన సరే. శిరీష మొగుడు ప్రవీణ్ ఫోనులో సరే. "మీరేమంటారమ్మా?" అన్నది నా వైపు తిరిగి.

"దానిదేమున్నది మేడం, అది నీళ్ళు మోస్తది" అన్నది అత్త.

"నీళ్ళు మోసే ఆమెనే అడగాలి. తొందర లేదు. వారంలో చెప్పండి."

ఫిబ్రవరి 17

అందరూ నా మొహం చూస్తున్నారు. శిరీష ఏడో నెల శ్రీమంతంలో అత్త నన్ను లోపలి గదిలో ఉంచింది — "జర లోపలుండు యాదమ్మా, ఏమనుకోకు." ఇప్పుడు నా మాట కావాలి.

ఫిబ్రవరి 18

వద్దు అంటే? భయం కొద్దీ అన్నానా, ఏడుపు కొద్దీ అన్నానా... నాకే తెలియడం లేదు. రెండింటికీ గొంతు ఒక్కటే.

ఫిబ్రవరి 20, గురువారం

నింపి చూశాం. ఎంతసేపు పడుతుందో చూడమన్నది మేడం. పెద్ద కాగులో నీళ్ళు కాచాను, బోరు నీళ్ళు కలిపాను. ముప్పై ఎనిమిది బకెట్లు. నడుము పోయింది. నేను చివరి బకెట్ తెచ్చేసరికి అత్త పిడికెడు పసుపు, వేపాకు వేసి కలుపుతోంది. తొట్టి నిండా పసుపు నీళ్ళు!

"అమ్మా! మేడం తేటగుండాలె అన్నది గద!"

"బాలింత నీళ్ళల్ల పసుపెయ్యక ఏమేస్తరే? నిన్ను గా నీళ్ళతోనే కడిగిన."

తల్లీబిడ్డల లొల్లి. అత్త అలిగి పొలం పోయింది. శిరీష పోయి పడుకుంది. నీళ్ళు పారబోయడం నా పని.

పారబోయలేదు. తలుపు దగ్గరికి వేశాను. చీరతోనే దిగాను.

ఏం రాయాలి? రొమ్ముల దాకా వచ్చాయి. వెచ్చగా. కడుపు తేలింది. రెండేళ్ళుగా అక్కడ బండ ఉన్నట్టు ఉంటుంది, ఎవరికీ చెప్పలేదు. అది తేలింది. వేపాకులు మోకాళ్ళకు అంటుకున్నాయి. బిడ్డ పోయిన మూడోనాడు పాలు పడితే అత్త గుడ్డతో బిగించి కట్టింది. ఆ కట్టు ఈరోజు ఊడినట్టు. ఏడ్చానేమో. నీళ్ళలో తెలియదు.

నాకు ఎవరూ ఇవ్వలేదు ఇది. పుట్టబోయే ఆమె బిడ్డకు ఇంత మెత్తటి జాగా. నా బిడ్డకు ఆటో సీటు.

కళ్ళు తెరిచేసరికి తలుపు సందులో శిరీష. తలుపు మళ్ళీ మూసింది.

ఫిబ్రవరి 21, శుక్రవారం

తొట్టి కడిగాను. సబ్బు తగలగానే పసుపు చారలు ఎర్రగా తిరిగాయి. పసుపుకు సబ్బు పెడితే అంతే, చిన్నప్పటి నుండి చూస్తున్నదే. అయినా ఆ ఎరుపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

శిరీష వచ్చి పీట వేసుకుని కూర్చుంది. కాళ్ళు చాపి. అడుగుతుందని తెలుసు.

"ఎట్లున్నది వదినా నీళ్ళల్ల?"

"ఏం నీళ్ళు?"

"అబ్బ, నాతోని గూడ గట్లనా! ఇంట్ల అందరు సరే అన్నరు, గని ఒక్కలు గూడ దాంట్ల కూసోలె. నువ్వొక్కదానివే కూసున్నవ్. చెప్పరాదు. నువ్వు కనొచ్చు అంటె కంట. వద్దంటె రేపే ప్రవీణుకు ఫోన్ జేసి పట్నం వోత. అమ్మ మాట గాదు, నీ మాట."

బ్రష్షు ఆపలేదు. ఊపిరి ఆడలేదు అని చెప్పవచ్చు. భయమేసింది అనవచ్చు. ఒక్క మాట. తొట్టి మడిచి మూల పడేస్తారు. నాకు లేనిది ఆమెకూ ఉండదు. నాలుక చివరి దాకా వచ్చింది. తియ్యగా ఉంది.

"మంచిగున్నది" అన్నాను. "పానం లేచి వచ్చినట్టున్నది."

నా భుజం మీద తల పెట్టింది. బరువు తల. నూనె వాసన. నా చేతుల నిండా ఎర్ర నురుగు.

ఫిబ్రవరి 22

మేడంకు ఫోనులో సరే అని చెప్పాను. నిజమే చెప్పాను. మరి ఇంత మంట ఎందుకు?

ఫిబ్రవరి 25, మంగళవారం

అత్త రోజూ కూతురికి నూనె, పసుపు పెట్టి స్నానం పోస్తుంది. వీపు రుద్దుతూ పాట కూడా. ఇంత గొంతు ఉందని నాకు తెలియదు. శిరీష లంగాలన్నిటికీ నడుము దగ్గర పసుపు మరకలు. ఉతికేది నేను.

ఫిబ్రవరి 27

ప్రవీణ్ ఫోనులో ఉన్నాడు, బిడ్డకు పేర్లు వెతుకుతున్నారు. శిరీష గట్టిగా చదువుతోంది, అత్త ఒక్కోదానికి వంక పెడుతోంది. "గదేం పేరే, మందు గోలీల పేరు లెక్కున్నది!"

నా బిడ్డకు పేరు లేదు. చెలకలో సీతాఫలం చెట్టు కింద ఉంది. పేరు పెట్టేంత సేపు ఎవరూ ఇవ్వలేదు.

మార్చి 1

పోయి చెట్టు కింద కూర్చుని వచ్చాను. ఆకు రాలుతోంది. చెప్పాను — నీ మేనత్తకు బిడ్డ పుట్టబోతోంది, నాకు ఇష్టం లేదు. నీకొక్కదానికే చెబుతున్నా.

మార్చి 4, మంగళవారం

రాస్తాను. ఎవరికీ చెప్పలేను గనుక.

పొద్దున ఎనిమిదికి నొప్పులు. మేడంకు ఫోను చేశారు, బయలుదేరింది. ఆయన కాగు కింద మంట పెట్టాడు. నేను నీళ్ళు మోశాను. తొట్టి నిండింది. ఈసారి తేట. అడుగున నీలం కనబడేంత తేట.

పదింటికి శిరీష స్నానాల గదిలో ఉంది. "అమ్మా, నీళ్ళు వోయినయి!" అన్నది. అత్త లంగా మార్చింది, విడిచినది నా మీదికి వేసింది. "గిది పిండు యాదమ్మా. మంచిగనే పోయినయి."

పెరట్లోకి తెచ్చాను. నల్లా కింద ఖాళీ బకెట్ పెట్టి తిప్పాను. లంగా విప్పి చూశాను. నడుము దగ్గర పసుపు. కింద అంచున...

ఆ రంగు నాకు తెలుసు. ప్రపంచంలో ఇంకే రంగు గుర్తు లేకపోయినా అది తెలుసు.

నిలబడ్డాను.

అరవాలి. అరవలేదు. లోపల నుండి అత్త నవ్వు, ఆయన నవ్వు. ఇది కూడా పసుపే కావచ్చు అనుకున్నాను. నీ కళ్ళకు అన్నీ అట్లాగే కనబడతాయి అంటారు అనుకున్నాను. నిజంగా అవే అనుకున్నానా? వాటి కింద ఇంకొకటి ఉంది. రాస్తాను. ఆమెకు కూడా తెలియనీ, అనుకున్నాను. రాశాను.

బకెట్ నిండి పొర్లి నా కాళ్ళ మీదికి వచ్చాయి నీళ్ళు. చల్లగా. అప్పుడు కదిలాను.

లోపలికి ఉరికాను. "అత్తా, దవాఖానకు వోవాలె! పసరున్నది!"

అత్త మొహం మారింది. "పసుపే అది. పొద్దుగాల నేనే పూసిన. ఇంకేమున్నా నీకు అదే అవుపడ్తది. శుభమా అని కంటుంటె..."

ఆయన నన్ను చూస్తున్నాడు. శిరీష మంచం పట్టె పట్టుకుని చూస్తోంది. ఎవరూ కదలడం లేదు. నా మాట ఏడుపు మాట అయిపోయింది.

సబ్బు తెచ్చాను. అత్త ముందు నేల మీద కూర్చున్నాను. లంగా పరిచి నడుము దగ్గర రుద్దాను. పసుపు ఎర్రగా తిరిగింది. "ఇది నువ్వు పూసింది." అంచున రుద్దాను. గట్టిగా రుద్దాను. తిరగలేదు. పసరు పసరే. "ఇది నువ్వు పూసింది గాదు."

అత్త వంగింది. వేలు పెట్టి చూసింది. నా మొహం చూసింది. రెండేళ్ళ తర్వాత మొదటిసారి సరిగ్గా చూసింది. తర్వాత కొడుకు మీద అరిచింది — "నిలవడ్డవేందిరా! అంబులెన్సుకు ఫోన్ జెయ్యి!"

ఇరవై నిమిషాలకు వచ్చింది. మేడంకు దారిలోనే చెప్పారు, నేరుగా పాలమూరు దవాఖానకే వస్తానన్నది. శిరీష నా చెయ్యి విడవలేదు. "వదినా నువ్వెక్కు, నువ్వెక్కు." పక్కన ఒక్కరికే జాగా అన్నారు. అత్త ఎక్కింది. ఆయన బండి మీద వెనకాలే. తలుపు వేయబోతుంటే అత్త చెయ్యి బయటికి చాపింది.

"గా లంగా ఇటియ్యి. డాక్టరుకు చూపెడ్త."

ఇచ్చాను. సబ్బు నీళ్ళు కారుతున్నాయి. ఒళ్ళో పెట్టుకుంది, శుభమని పొద్దున కట్టుకున్న పట్టుచీర మీదే.

శిరీష వెళ్తూ వెళ్తూ అన్నది — "వదినా, నువ్వు చూసినవ్ గనుక..." మిగతాది వినబడలేదు.

అదే రోజు, ఒంటిగంట

ఫోను లేదు. ఆయన ఎత్తడం లేదు.

తొట్టి నిండా ఉంది. చెయ్యి పెట్టి చూశాను. ఇంకా గోరువెచ్చగానే. పారబోయబుద్ధి కావడం లేదు.

నువ్వు చూసినవ్ గనుక అన్నది. చూసి ఎంతసేపు నిలబడ్డానో ఆమెకు తెలియదు.

నల్లా అప్పటిలాగే తిప్పాను. అదే బకెట్. ఒకటి, రెండు అని లెక్కపెట్టాను. మూడు వందల పదికి పొర్లింది. తొందరగా లెక్కపెట్టానేమో. పారబోసి మళ్ళీ పెట్టాను.