వన్స్ మోర్ అన్నది నేనే

ఏమయ్యా,

తిరుపతిలో ఈ ఏటి నాటకోత్సవాలు మొదలయ్యాయి. నిన్న సాయంత్రం పద్యనాటకానికి బయల్దేరుతుంటే మీ అక్క గడపకు అడ్డం నిలబడింది.

“మొగుడు పోయి ఏడాదన్నా తిరగలే, నాటకానికి పోతావా? సూసినోళ్లు ఏమంటారు?”

“అనేవాళ్లను అననీ వదినా. ఆయన ఉన్నన్నాళ్లూ ఒక్క ఏడాదన్నా తప్పినామా?” అని చెప్పులేసుకున్నాను.

ఎప్పుడూ మనం కూర్చునే ముందు వరుసలోనే కూర్చున్నాను. తెర లేవకముందే నిర్వాహకుడు మైకులో చెప్పాడు, టైము చాలదు, ఎవరూ వన్స్ మోర్ అనొద్దని. నువ్వుంటే అక్కడే జగడం పెట్టుకునేవాడివి.

రాజు వేషం కట్టినాయన పద్యం ఎత్తుకున్నాడు. చివర్లో రాగం తీస్తుంటే ఒళ్లు జలదరించింది. జనం చప్పట్లు కొట్టారే గానీ ఒక్కరూ నోరు విప్పలేదు. నువ్వు అరిచినప్పుడల్లా సిగ్గుతో నీ చొక్కా లాగి కూర్చోబెట్టేదాన్ని నేనే కదా. ఆ నేనే లేచి నిలబడి, హాలంతా వినబడేలా “వన్స్ మోర్!” అని అరిచాను.

అందరూ తిరిగి చూశారు. నిర్వాహకుడు వద్దని చెయ్యి ఊపాడు. ఆ నటుడు మాత్రం నాకు దండం పెట్టి, హార్మోనియం ఆయనతో “ఎత్తుకో అబ్బా” అన్నాడు.

పద్యం మొత్తం మళ్లీ పాడాడు. నా కొంగు లాగి కూర్చోబెట్టేవాళ్లు ఎవరూ లేరు. అందుకే అది ముగియగానే ఇంకోసారి అరిచాను.