నాలుగు మూలలా పిల్లి పాదం

డండీ, మే 2

రూబీ అత్తకు మేనకోడలు ఉర్సులా ప్రేమతో రాసేది.

మా ఆర్ట్ కాలేజీలో చివరి పరీక్షకి రంగు, కాగితం, ఊలు కలిపి ఒక బొమ్మ చెయ్యాలి. అందులో ఊలు లేసు నా చేత్తోనే అల్లాలట. తప్పానంటే నాన్న నన్ను తనతోపాటు చేపల ఫ్యాక్టరీలో పెట్టేస్తాడు. బూట్లు కూడా కొనేశాడు. అతి తేలికైన లేసు ఎలా అల్లాలో రాసి పంపు.

నీ ఉర్సులా

తా.క.: తేలికంటే, బంగాళాదుంప తొక్కు తీయడం కూడా రానివాళ్ళకి తేలికైనది.

అన్‌స్ట్ దీవి, మే 6

అమ్మాయ్ ఉర్సులా,

ఇదీ ఒక పనేనా. రెండు కుట్లు కలిపి ఒకటిగా అల్లు, సూది మీద దారం ఒక చుట్టు వెయ్యి, మూడు మామూలుగా అల్లు. చుట్టు వేసినచోట చిల్లు పడుతుంది. ఆ చిల్లులే లేసు. ఇక నాలుగు మూలలా పిల్లి పాదం వెయ్యి. అది లేకపోతే మా దీవిలో దాన్ని లేసనరు, చేపల వల అంటారు.

మీ అత్త

తా.క.: మీ నాన్న బళ్ళో చదివేటప్పుడు నాలుగు పాదాలూ ఒక్క పూటలో వేసేవాడు. నేను చెప్పానని అనకు.

డండీ, మే 14

అత్తా,

లేసు వచ్చింది గాని, పాదాల దగ్గర నా ప్రాణం తోకకొచ్చింది. పక్కింటావిడ పిల్లి టిబ్బీని బతిమాలి తెచ్చాను. రెండు మూలల్లో బుద్ధిగానే వేసింది. మూడో మూలకొచ్చేసరికి నా చెయ్యి గీరేసి, నీలం సిరా కాళ్ళతో వంటగదంతా తిరిగింది. నాన్న ఒక్క పూటలో ఎలా వేశాడో మహానుభావుడు. వచ్చే బుధవారమే పరీక్ష.

గీతలు పడ్డ ఉర్సులా

తా.క.: ముందు పాదమో వెనక పాదమో నువ్వు రాయలేదు. ముందుదే వేయించాను.

అన్‌స్ట్ దీవి, మే 18

ఓసి పిచ్చిమొద్దూ,

చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. పిల్లి పాదం అంటే అయిదు చిల్లుల అల్లికే. చూడ్డానికి అలా ఉంటుందని ఆ పేరు. నీ ఉత్తరం అల్లిక సంఘంలో చదివితే, పదిమందీ పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఆ మూలల మీద ఏ కాగితమో అతికించి పరువు దక్కించుకో.

మీ అత్త

తా.క.: పిల్లి కాళ్ళు కడిగావా?

డండీ, మే 22

అత్తా,

నీ ఉత్తరం పరీక్ష అయ్యాక చేరింది. పరీక్ష చేసిన పిట్‌కెయిర్న్ గారు ఆ పాదాల ముందు పావుగంట నిలబడ్డారు. "మా దీవి ఆచారమండీ, మా అత్త నేర్పింది" అన్నాను. అప్పటికి నేను నమ్మిన మాటే. మర్నాడే ఆయన దాని మీద ఉపన్యాసం కూడా ఇచ్చేశారు. ఇప్పుడేమో ఆ ఆచారం కళ్ళారా చూశాకే నా పాసు కాగితం మీద సంతకం పెడతారట. గురువారం పడవకి నీ దగ్గరికే వస్తున్నారు. ఎలాగో గట్టెక్కించు.

నీ ఉర్సులా

తా.క.: నీకు పిల్లి ఉందా?

అన్‌స్ట్ దీవి, మే 29

అమ్మాయ్,

వచ్చాడు. నాకు పిల్లీ లేదు, అబద్ధమాడటమూ రాదు. టీ ఇచ్చి, నా శాలువా పరిచి, ఉన్నదున్నట్టు చెప్పేశాను. అతని ముఖం కందగడ్డ అయిపోయింది. "ఉపన్యాసానికి మూడొందలమంది వచ్చారమ్మా" అన్నాడు. జాలేసి ఇంకో ముక్క కేకు పెట్టాను. అది తిని గొంతు సవరించుకుని, "ఈ సంగతి మన ముగ్గురి మధ్యే ఉండాలి" అంటూ వంటింటి బల్ల మీదే సంతకం చేశాడు. మా సంఘానికంతా ఎప్పుడో తెలుసని నేను అనలేదు. నువ్వు పాసయ్యావే పిల్లా, నాకెంత సంతోషంగా ఉందో చెప్పలేను.

మీ అత్త

తా.క.: పడవకి ఇంకా టైముందని పిల్లి పాదం నేర్పమన్నాడు. గంటలో పట్టేశాడు. నాకు మేనకోడలై పుట్టాల్సినవాడు.