వీధి దీపానికి రేకు టోపీ

బావగారికి,

మా సందులో దీపం తీసేయమని మీరు పెట్టిన అర్జీ చదివాను. ఆకాశంలో రెప్పపాటు మెరిసి ఆరిపోయే వెలుగుల్ని కొండ మీది మీ టెలిస్కోపులు మనిషి సాయం లేకుండా పట్టుకుంటాయి, మా దీపం వాటి కళ్ళలో కొడుతోంది, ఒప్పుకుంటాను. కానీ ఆ దీపం కోసం మేం చెప్పులరిగేలా ఆఫీసుల చుట్టూ తిరిగాం. మీ మేనకోడలు ఆసుపత్రిలో డ్యూటీ దిగి ఆ సందులోంచే ఇంటికి రావాలి. అర్జీ సంగతి విని అదేమందో తెలుసా? "టార్చి పైకి ఊపుకుంటూ వస్తాలే నాన్నా. కొత్త నక్షత్రం దొరికిందని మామయ్య పండగ చేసుకుంటాడు!"

ఒక టెలిస్కోపుకు మెరుపు కనిపిస్తే, రెండోది కూడా చూసేదాకా నమ్మబోమని మీరే గొప్పగా చెప్పారు కదా! మరి ఈ దీపం విషయంలో కొండ మీది మాటే విన్నారే, కింద మా సందును ఒక్కసారైనా అడిగారా? ఆడపిల్లల్ని చీకట్లో నడిపించడమా మీ విజ్ఞానం?

ఆకాశంలో నడిచేవాళ్ళు మా సందులో ఎవరూ లేరు బావా. వెలుగు కాళ్ళ దగ్గర పడితే మాకు చాలు. అందుకే దీపానికి పైన మూతలా రేకు టోపీ చేయించాను. అర్జీ వెనక్కి తీసుకుని, దాన్ని బిగించడానికి ఆదివారం రండి. మీ మీద ఎంత మండిపడుతున్నా, నిచ్చెన మీరు పట్టుకుంటే తప్ప నేనెక్కను.

మీ బావమరిది