నోటికి అడ్డం పెట్టిన చెయ్యి

అక్కా,

కోపంతోనే రాస్తున్నాను, ముందే చెప్తున్నా. ఇరవై నెలల బుజ్జిగాణ్ణి నా ఒళ్లో పడేసి, "నా దగ్గరుంటే వీడికి మాట రాదే, నువ్వే పెంచుకో" అని బస్సెక్కి పోయావే, అది త్యాగమనుకున్నావా? పిరికితనం! ప్రెస్సులో పొద్దస్తమానం కరపత్రాలు మడతపెడతాను నేను. చదవకుండా ఒక్కటీ మడవను. నీకున్న హెచ్ఐవీ ముద్దు పెడితే అంటదు, ఒకే కంచంలో తింటే అంటదు. నువ్వు వేళ తప్పకుండా మందులు వేసుకున్నావు, వాడికి లేదని పరీక్షలో తేలింది. ఇంకా దేనికక్కా భయం?

ఇక్కడిదాకా రాసి, బుజ్జిగాణ్ణి పిల్లల ఆస్పత్రికి తీసుకెళ్లి ఇప్పుడే వచ్చాను. "అమ్మ అను నాన్నా" అని నర్సమ్మ వంగగానే వాడు గబుక్కున అరచేత్తో నోరు కప్పుకున్నాడు. నేను నవ్వేశాను. ఆవిడ నవ్వలేదు. "వీణ్ణి ఎత్తుకుని నోరు కప్పుకునేది ఎవరమ్మా? పిల్లలు పెదాలు చూసి కూడా మాట నేర్చుకుంటారు" అంది.

నువ్వే కదూ? నీ ఊపిరి తగిలితే వాడికి అంటుతుందని కదూ? ఇంత చదివిన నేను ఒక్కసారీ అడగలేదు. పారిపోయిన బావను కూడా ఇన్ని మాటలనలేదు, నిన్నన్నాను. పైన రాసింది కొట్టెయ్యను. నా పొగరు నువ్వు చూడాలి. వచ్చెయ్యి.

నీ టపాకాయ

*

ఒసేయ్ టపాకాయ్,

నీ ఉత్తరం కుట్టుమిషను మీద పెట్టుకుని నాలుగుసార్లు చదివాను. నీ కరపత్రాలు నాకూ కంఠతా వచ్చులేవే. అంటుతుందని కాదు. వాణ్ణి ఎత్తుకోగానే ఏడుపొచ్చేది. ఏడుపు ముందు పెదాలకే వస్తుంది. వాడు చూడకూడదని చెయ్యి అడ్డం పెట్టేదాన్ని. వాడికి లేదని తేలిన రోజు కూడా సంతోషం రాలేదు, ఏడుపే వచ్చింది. ఇలాంటిది తల్లేమిటి అనిపించి, నీకిచ్చి పోయాను.

నిన్న డాక్టరమ్మ "మందులు వేసుకుంటున్నావా?" అంటే ఎప్పటిలా తలూపలేదు. "వేసుకుంటున్నానండీ, మనసే బాగోలేదు" అన్నాను. ఆవిడ తలుపు వేసి కూర్చుని విన్నది. ఇదీ జబ్బేనట, దీనికీ వైద్యం ఉందట. నీ కరపత్రాల్లో ఈ ముక్క లేదేమే?

ఆదివారం వస్తున్నాను. ఏడుపు ఆగి కాదు, ఏడుపుతోనే. చెయ్యి మాత్రం అడ్డం పెట్టను. వాడు భయపడితే నువ్వు పక్కనుండు.

ఇట్లు,
వాడి అమ్మ