రెండు పేర్ల మాత్ర

వదినగారికి,

కంగారుపడకండి, మీ చెల్లెలు ఇప్పుడు కులాసా. మొన్న కుట్టుమిషను మీదే తల వాల్చేసింది. ఎంత పిలిచినా మత్తు వదలకపోతే డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను.

మీరు పంపిన జలుబు మాత్ర, డాక్టరుగారిచ్చిన ఎలర్జీ మాత్ర కలిపి వేసుకుంది. మందుల షాపాయన రెండు అట్టలూ చదివి, "పేర్లే వేరండీ, మందొకటే" అన్నాడు. డాక్టరుగారు మీది ఆపమన్నారు, తను రోజూ ఉబ్బసానికి పీల్చే మందు మాత్రం మానొద్దన్నారు.

"అక్క పంపింది, ఎలా కాదంటాను?" అంటుంది తను. మీ మీద కోపం లేదు వదినా. రెండూ నీళ్లతో అందించింది నేనే. ఇకమీదట ఏ మందైనా డాక్టరుగారిని అడిగాకే వేద్దాం.

మీకు తను చిట్టి, నాకు ఏమోయ్. ఎవరు ఎలా పిలిచినా పలికేది ఒక్కతే. మనకున్నదీ ఆ ఒక్కతే.

మీ మరిది