ఒక్క మెట్టు పైకెళ్ళి చూడలేదు

మా డాక్టరమ్మకు,

ఇక్కడ అమ్మా, పాపా బాగున్నారు. నేనూ తింటున్నాను, తిరుగుతున్నాను కాబట్టి బాగున్నట్టే లెక్క. ఆ కొండ మీద చలి తగ్గిందని, నీ దగ్గు కూడా తగ్గిందని అనుకుంటున్నాను. పేషెంట్లకు వేడినీళ్ళు తాగమని చెప్పే నోటితో నువ్వూ కాసిని తాగు.

నువ్వడిగినవాటికి జవాబులు. పాప పన్ను ఊడింది. తనే పీక్కుంది, నన్ను దగ్గరికి రానివ్వలేదు, అచ్చం నీ పోలికే. వంటింటి కుళాయి బాగయింది. అంటే, నేను బాగుచేస్తానని దిగి, వంటిల్లంతా చెరువు చేసి, ఆ తర్వాత ప్లంబర్‌ను పిలిచాను. వచ్చినవాళ్ళందరికీ అమ్మ ఆ కథ చెప్పి నవ్విస్తోంది. మోకాలి నొప్పికి నువ్వు రాసిన మాత్రలు వేసుకుంటోంది, వాటికి "కోడలి మాత్రలు" అని పేరు కూడా పెట్టింది.

ఇక మీ చెల్లి సంగతి. "అది ఉత్తరం రాయడం మానేసింది, ఏమైంది? మీ టీములోనే ఉంది, మీరు చూసుకుంటారన్న ధైర్యంతోనే నేనిక్కడ నిశ్చింతగా ఉన్నాను" అని రాశావు. ఆ ముక్క మళ్ళీ మళ్ళీ చదివాను. అక్కడ ఫోన్ అందకపోవడమే మంచిదయింది. నీ గొంతు వింటే నాకు మాట వచ్చేది కాదు.

మా ప్రోగ్రాం తెలుసు కదా, రక్తపరీక్షల ఫలితాలను ల్యాబు నుంచి వార్డులకు పంపేది. అందులో పేషెంటు వివరాలు వెతికి తెచ్చే భాగం నాది. వాటిని అందుకుని రిపోర్టు తయారుచేసే భాగం మీ చెల్లిది. పోయిన నెల ఒక పెద్దాసుపత్రిలో అది పట్టపగలు ఠపీమని ఆగిపోయింది. ఫలితాలు రాక ఆపరేషన్లు ఆపుకుని కూర్చున్నారు. అదృష్టం బాగుండి ఎవరికీ ఏమీ కాలేదు. మా మేనేజరు మాత్రం చిందులు తొక్కాడు. "ఎవరు రాసిన కోడ్ వల్ల ఆగిందో సాయంత్రంలోగా తేలాలి" అన్నాడు.

మీకున్నట్టే మాకూ పోస్టుమార్టం ఉంటుంది. ప్రోగ్రాం చచ్చిపోతూ, ఆ క్షణాన తన మెమరీలో ఉన్నదంతా ఒక ఫైలుగా వదిలిపోతుంది. దాన్ని డీబగ్గర్ అనే, తప్పులు వెతికే సాధనంలో తెరుస్తాం. బొమ్మలూ బటన్లూ ఏమీ ఉండవు. నల్ల తెర మీద మనం ఒక మాట టైపు చేస్తే అది ఒక జవాబు చెబుతుంది. ఎక్కడ చచ్చిందో, అక్కడికి ఏ ఫంక్షన్, అంటే ఏ కోడ్ ముక్క, పిలిస్తే వచ్చిందో, దాన్ని ఇంకేది పిలిచిందో వరసగా చూపిస్తుంది. మీటింగు గదిలో గోడ మీద తెర వేసి, అందరి ముందూ నేనే తెరిచాను. మొదటి లైన్లో మీ చెల్లి రాసిన ఫంక్షన్ పేరు కనిపించింది.

"ఇదిగో, దొరికింది," అన్నాను.

"ఒక్కసారి 'అప్' కొట్టి ఒక మెట్టు పైకెళ్ళి చూడండి. నన్ను పిలిచినవాళ్ళు నా చేతికి ఏమిచ్చారో కనిపిస్తుంది," అంది మీ చెల్లి.

"చచ్చింది నీ ఇంట్లో. నన్ను పక్కింటి తలుపు కొట్టమంటావేం?" అన్నాను.

అందరూ నవ్వారు. ఆ నవ్వు నాకు తలకెక్కింది. అజాగ్రత్త అన్నాను, చదివిన చదువంతా ఏమైందన్నాను. మరదలని వెనకేసుకొస్తున్నాడని ఎవరూ అనకూడదని మరీ గట్టిగా అరిచాను. తను తల వంచుకుని పెన్నుకు మూత పెట్టుకుంది. మర్నాడు మేనేజరు మీ చెల్లి ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం ఆపేశాడు. వచ్చే నెలాఖరులోగా వేరే చోటు చూసుకోమన్నాడు.

మీ చెల్లి కోడ్ సరిచేద్దామని నా సీట్లో కూర్చుని మళ్ళీ అదే ఫైలు తెరిచాను. ఈసారి ఎందుకో 'అప్' కొట్టాను. నా ఫంక్షన్ వచ్చింది. పేషెంటు వివరాలు మెమరీలో ఎక్కడున్నాయో చెబుతూ అది మీ చెల్లి ఫంక్షన్‌కు పంపిన చిరునామా ఏమిటో ప్రింట్ చేయమన్నాను. సున్నా. పేషెంటు వివరాలు దొరకనప్పుడు దొరకలేదని చెప్పకుండా నా కోడ్ ఒక ఖాళీ చిరునామా అంటగట్టింది. మీ చెల్లి కోడ్ దాన్ని నమ్మి తెరవబోయింది, అంతా కూలింది.

అప్పుడైనా లేచి చెప్పొచ్చు కదా! చెప్పలేదు. గుట్టుచప్పుడు కాకుండా నా కోడ్ దిద్దేశాను. ప్రోగ్రాం నిలబడింది. "నీ చెయ్యి పడితే అంతేనయ్యా" అని మేనేజరు నా భుజం తట్టాడు. నేను నవ్వాను కూడా. అది తలుచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

అసలుది ఇంకా చెప్పలేదు. దీన్ని రాయలేకే ఇంతసేపు కుళాయీ మాత్రలూ అంటూ చుట్టూ తిరిగాను. మీ చెల్లి ఆ కోడ్ మొదట రాసినప్పుడు, చిరునామా ఖాళీగా వస్తే తెరవకుండా ఆగిపోయే రెండు లైన్లు పెట్టింది. తప్పులున్నాయేమోనని దాన్ని చదివి చూసింది నేనే. "నా దగ్గర్నుంచి ఖాళీగా ఎందుకొస్తుంది? నా మీద నమ్మకం లేదా? తీసెయ్" అన్నాను. తీసేసింది. ఆ రోజు నేనంతలా తిడుతుంటే ఆ మాట ఒక్కటి బయటపెడితే చాలు, నా నోరు మూతపడేది. తను పెట్టలేదు.

నీ ఉత్తరం అందిన మర్నాడు మళ్ళీ అందరినీ అదే గదిలోకి పిలిచాను. ఫైలు గోడ మీద వేసి, 'అప్' కొట్టి, సున్నా చూపించి, నేను తీయించిన లైన్ల సంగతీ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మేనేజరు నా మొహం చూడకుండానే మీ చెల్లి కాగితం మీద సంతకం పెడతానన్నాడు. ఉద్యోగం నిలబడింది, ఆ బెంగ పెట్టుకోకు.

బయట వరండాలో తనను ఆపాను. "నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"ఆ సాయంత్రమే చూశాను. మీరూ చూస్తారని తెలుసు. చూశాక చెబుతారనుకున్నాను," అంది. మళ్ళీ తనే, "అక్కకు రాయాలంటే ఏదో ఒక అబద్ధం రాయాలి. అందుకే రాయలేదు," అంది.

తప్పయిపోయిందమ్మా అందామని నోరు తెరిచాను. అంతమంది ముందు పలికిన నోరు తన ఒక్కదాని ముందు పెగల్లేదు. తనే, "వస్తాను సర్" అని వెళ్ళిపోయింది. జనం మధ్య అలాగే అంటుంది, అది మామూలే. కానీ అప్పుడు వరండాలో మేమిద్దరమే ఉన్నాం. ఎవరూ లేనప్పుడు నన్నెప్పుడూ బావా అనేది.

ఇది పోస్టు చేసి, తనుండే హాస్టల్‌కు వెళుతున్నాను. నా తరఫున నువ్వేమీ రాయొద్దు. ఆ మాట నేనే చెప్పాలి.

ఇట్లు,
నీకు మొహం చూపించలేని
మీ ఆయన